జావాతో దస్తావేజులను డేటాబేస్‌లో భద్రపరిచేటప్పుడు ఎక్స్‌ఎంఎల్ నేమ్‌స్పేస్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎక్కడి నుంచి వచ్చాయి?

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాల దగ్గర మిగిలిన పాత దస్తావేజులనూ పద్దు పుస్తకాలనూ ఎక్స్‌ఎంఎల్ (పాఠంలోని భాగాలకు పేర్ల గుర్తులు తగిలించి రాసే పద్ధతి) రూపంలోకి మార్చి డేటాబేస్‌లో భద్రపరిచే పని చేస్తున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడే వరకు గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కనుక, ఇక్కడ ఒకే ఇంటి భోషాణంలో తెలుగు కాగితం, ఒడియా కాగితం, ఇంగ్లీషు కాగితం కలిసి దొరుకుతాయి. ఒక్కో రకం కాగితానికి ఒక్కో పదజాలం ఉంటుంది. వాటన్నిటినీ ఒకే చోట పెట్టబోయినప్పుడు అందరికీ ఎదురయ్యే చిక్కుముడి నేమ్‌స్పేస్‌లే. జావా ప్రోగ్రామింగ్ భాష బాగా తెలిసిన వారు కూడా ఇక్కడ రోజుల తరబడి ఆగిపోవడం చూశాం. అందుకే మాకు పదే పదే వచ్చిన ప్రశ్నలకు జవాబులను కొంత వివరంగా రాస్తున్నాం.

నేమ్‌స్పేస్ అంటే ఏమిటి? దాని అవసరం ఏమిటి?

నేమ్‌స్పేస్‌ను ఇంటిపేరుగా భావిస్తే విషయం త్వరగా పట్టుబడుతుంది. "ఖాతా" అనే మాటనే తీసుకోండి. ఒడిశా భూమి రికార్డుల్లో ఖాతా అంటే ఒక రైతు పేరిట ఒక మౌజాలో (రెవెన్యూ గ్రామంలో) ఉన్న భూములన్నిటినీ కలిపి చూపే సంఖ్య. సహకార సంఘం పద్దులో ఖాతా అంటే సభ్యుడి జమాఖర్చుల లెక్క. ఈ రెండు కాగితాలనూ ఒకే డాక్యుమెంట్‌లో పెట్టినప్పుడు "ఖాతా" అనే ఎలిమెంట్ (పేరు గుర్తు తగిలించిన భాగం) ఏ ఇంటికి చెందినదో కంప్యూటర్‌కు చెప్పాలి. ఆ ఇంటిపేరే నేమ్‌స్పేస్. దానిని యూఆర్‌ఐ (వెబ్ చిరునామాలా ఉండే గుర్తింపు పేరు) రూపంలో రాస్తారు. 1999 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన నిర్ణయం ప్రకారం, ఎలిమెంట్ అసలు పేరు అంటే యూఆర్‌ఐ, స్థానిక నామం (ఇక్కడ "ఖాతా") అనే రెండూ కలిసిన జంట.

మరి "భూ:ఖాతా" అని రాసినప్పుడు ముందున్న "భూ" ఏమిటి? అది ప్రిఫిక్స్, అంటే ఇంటిపేరుకు పొడి అక్షరం మాత్రమే. 1894లో బరంపురంలో పుట్టిన మాజీ రాష్ట్రపతిని అందరం వి.వి.గిరి అంటాం. అందులో మొదటి "వి" వరాహగిరి, రెండో "వి" వెంకట. అక్షరం ఒకటే అయినా సూచించే పేర్లు వేరు. అలాగే వరాహగిరి అన్న ఇంటిపేరును ఒకరు "వ." అనీ మరొకరు "వి." అనీ కుదించినా ఇల్లు మారదు. ప్రిఫిక్స్ కూడా అంతే: రెండు డాక్యుమెంట్లలో ఒకే ప్రిఫిక్స్ రెండు వేర్వేరు యూఆర్‌ఐలను సూచించవచ్చు, రెండు వేర్వేరు ప్రిఫిక్స్‌లు ఒకే యూఆర్‌ఐని సూచించవచ్చు. ఈ పేజీలోని జవాబులలో సగానికి పైగా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆ యూఆర్‌ఐని బ్రౌజర్‌లో తెరిస్తే ఏమీ రావడం లేదు. అది తప్పా?

తప్పు కాదు. పార్సర్ (ఎక్స్‌ఎంఎల్‌ను చదివే ప్రోగ్రాము) దానిని ఎన్నడూ తెరిచి చూడదు; అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది, అంతే.

దస్తావేజులో "ఖాతా" కంటికి కనిపిస్తోంది. ఎక్స్‌పాత్‌తో (ఎక్స్‌ఎంఎల్‌లోని భాగాలను వెతికే భాషతో) వెతికితే మాత్రం ఏమీ దొరకడం లేదు. ఎందుకు?

మాకు వచ్చే ప్రశ్నలలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది ఇదే. దీనికి సాధారణంగా రెండు కారణాలుంటాయి. చాలాసార్లు ఆ రెండూ కలిసి ఒకదానినొకటి కప్పిపుచ్చుతాయి.

మొదటి కారణం పార్సర్‌లో ఉంటుంది. జావాలో పార్సర్‌ను తయారుచేసి ఇచ్చే డాక్యుమెంట్‌బిల్డర్‌ఫ్యాక్టరీ, పాత ప్రోగ్రాములు చెడిపోకూడదన్న ఉద్దేశంతో, నేమ్‌స్పేస్‌లను పట్టించుకోని స్థితిలోనే మొదలవుతుంది. సెట్‌నేమ్‌స్పేస్‌అవేర్ అనే మెథడ్‌కు ట్రూ అని ఇస్తే తప్ప అది "భూ:ఖాతా"ను మధ్యలో కోలన్ ఉన్న ఒక మామూలు పేరుగానే చూస్తుంది. అప్పుడు ఆ నోడ్‌ను స్థానిక నామం అడిగినా నేమ్‌స్పేస్ అడిగినా నల్ (విలువ లేదన్న జవాబు) వస్తుంది. శాక్స్‌పార్సర్‌ఫ్యాక్టరీది కూడా ఇదే తీరు. జావా 6 నుంచి వచ్చిన స్టాక్స్ అనే మరో పార్సర్ పద్ధతి మాత్రం మొదటి నుంచీ నేమ్‌స్పేస్‌లను గుర్తిస్తుంది. జావా 13లో న్యూఎన్‌ఎస్‌ఇన్‌స్టాన్స్, న్యూడిఫాల్ట్‌ఎన్‌ఎస్‌ఇన్‌స్టాన్స్ అనే మెథడ్‌లు చేరాయి. వాటితో తయారైన ఫ్యాక్టరీ నేమ్‌స్పేస్‌లను గుర్తించే స్థితిలోనే చేతికి వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారు వీటినే వాడడం మేలు.

రెండో కారణం ఎక్స్‌పాత్‌లో ఉంటుంది. డాక్యుమెంట్ పై భాగంలో ప్రిఫిక్స్ లేకుండా డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌ను ప్రకటించి ఉంటే, లోపలి "ఖాతా" ఎలిమెంట్లన్నీ ఆ నేమ్‌స్పేస్‌లోకి వెళతాయి. కానీ ఎక్స్‌పాత్ 1.0లో ప్రిఫిక్స్ లేకుండా "//ఖాతా" అని రాస్తే, ఏ నేమ్‌స్పేస్‌లోనూ లేని ఖాతా అనే దాని అర్థం. డాక్యుమెంట్‌లోని డిఫాల్ట్ ప్రకటన ప్రశ్నకు, అంటే వెతకడానికి రాసే వాక్యానికి, వర్తించదు. జావాతో పాటు వచ్చే ఎక్స్‌పాత్ యంత్రాంగం ఇప్పటికీ 1.0నే పాటిస్తుంది. కనుక డాక్యుమెంట్‌లో ప్రిఫిక్స్ లేకపోయినా మీ ప్రశ్నలో ఒక ప్రిఫిక్స్ పెట్టి, దానికి యూఆర్‌ఐని మీరే జతచేయాలి. ఎక్స్‌పాత్ 2.0 నుంచి ఎలిమెంట్లకు డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌ను ప్రశ్న వైపు నుంచి ఇచ్చే వీలు ఉంది. అది కావాలంటే సాక్సన్ వంటి లైబ్రరీని తెచ్చుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. పార్సర్ నేమ్‌స్పేస్‌లను పట్టించుకోని స్థితిలో ఉండి, డాక్యుమెంట్‌లో డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఉన్నప్పుడు, "//ఖాతా" అనే ప్రశ్నకు జవాబు దొరకవచ్చు. అది చూసి ప్రోగ్రాము సరిగ్గా ఉందనుకుంటాం. కొన్ని నెలల తర్వాత ఎవరో పార్సర్‌ను సరిచేసిన రోజున ప్రశ్నలన్నీ ఒక్కసారిగా ఖాళీ అవుతాయి, నింద సరిచేసిన వారి మీద పడుతుంది. నిజానికి తప్పు మొదటి రోజు నుంచీ ఉంది.

ప్రిఫిక్స్‌ను యూఆర్‌ఐతో జతచేయడం ఎలా?

జావాలో నేమ్‌స్పేస్‌కాంటెక్స్ట్ అనే ఇంటర్‌ఫేస్ ఉంది. జేడీకేలో (జావాతో వచ్చే సాధనాల మూటలో) దానికి అందరూ వాడుకోదగ్గ సిద్ధమైన క్లాసు లేదు. మీరే రాసుకోవాలి, లేదా స్ప్రింగ్ అనే లైబ్రరీ వాడేవారైతే అందులోని సింపుల్‌నేమ్‌స్పేస్‌కాంటెక్స్ట్‌ను తీసుకోవాలి. రాసుకునేటప్పుడు ప్రిఫిక్స్ ఇస్తే యూఆర్‌ఐ తిరిగి ఇచ్చే మెథడ్ ముఖ్యం. తెలియని ప్రిఫిక్స్‌కు నల్ కాకుండా ఖాళీ స్ట్రింగ్ ఇవ్వాలి. ఆ కాంటెక్స్ట్‌ను ఎక్స్‌పాత్ ఆబ్జెక్ట్‌కు ఇచ్చిన తర్వాతే ప్రశ్నను కంపైల్ చేయాలి. వరుస తారుమారైతే ప్రిఫిక్స్‌కు నేమ్‌స్పేస్ దొరకలేదన్న లోపం వస్తుంది. అలా లోపం చూపి ఆగిపోవడమే నయం, ఖాళీ ఫలితం ఇచ్చి ఊరుకోవడం కంటే.

ప్రశ్నలోని ప్రిఫిక్స్ డాక్యుమెంట్‌లోని ప్రిఫిక్స్‌లాగే ఉండనక్కరలేదు. డాక్యుమెంట్‌లోని ప్రకటనలను చదివి ఆ ప్రిఫిక్స్‌లనే ప్రశ్నకు వాడే పద్ధతిని కొందరు సూచిస్తారు. మేము దానిని వద్దంటాం. పంపినవారు రేపు ప్రిఫిక్స్ మార్చితే మీ ప్రశ్న విరిగిపోతుంది. యూఆర్‌ఐలన్నిటినీ ఒక్క క్లాసులో స్థిరాంకాలుగా పెట్టి, ప్రిఫిక్స్‌లను మీరు ఎంచుకోండి.

ఇంత శ్రమ ఎందుకు? లోకల్-నేమ్ ఫంక్షన్‌తో వెతికినా, లేదా నేమ్‌స్పేస్‌లను పూర్తిగా తీసివేసినా సరిపోదా?

ఒక్కసారి చూసి వదిలేసే పనికి సరిపోతుంది. భద్రపరిచే పనికి సరిపోదు. లోకల్-నేమ్‌తో "ఖాతా"ను వెతికితే రైతు భూమి ఖాతా, సంఘంలోని అప్పు ఖాతా రెండూ ఒకే జాబితాలో వస్తాయి. ఒక కుటుంబం తన భూమి కాగితం కోసం అడిగినప్పుడు అప్పు పద్దును చూపించడం చిన్న పొరపాటు కాదు. పైగా పేరుకు బదులు షరతుతో వెతకడం వల్ల చాలా డేటాబేస్‌లలో ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచిక) పనికి రాకుండా పోతుంది.

బేస్‌ఎక్స్ అనే ఎక్స్‌ఎంఎల్ డేటాబేస్‌లో స్ట్రిప్‌ఎన్‌ఎస్ అనే ఎంపిక ఉంది. దానిని పెడితే లోపలికి తీసుకునేటప్పుడే నేమ్‌స్పేస్‌లన్నీ తొలగిపోతాయి. ప్రశ్నలు రాయడం సులువవుతుంది. కానీ ఆ తర్వాత ఏ ఎలిమెంట్ ఏ ఇంటిదో చెప్పడానికి డేటాబేస్‌లో ఆధారం మిగలదు. మూల ఫైళ్లను వేరుగా, చెక్కుచెదరకుండా దాచినవారు తప్ప ఇతరులు దాని జోలికి వెళ్లకూడదని మా గట్టి అభిప్రాయం.

యాట్రిబ్యూట్లకు కూడా డిఫాల్ట్ నేమ్‌స్పేస్ వర్తిస్తుందా?

వర్తించదు. ప్రిఫిక్స్ లేని యాట్రిబ్యూట్ (ఎలిమెంట్‌కు తగిలించే చిన్న వివరం) ఎప్పుడూ ఏ నేమ్‌స్పేస్‌లోనూ ఉండదు. కనుక "భూ:ఖాతా" ఎలిమెంట్‌కు ఉన్న "సంఖ్య" అనే యాట్రిబ్యూట్‌ను వెతికేటప్పుడు ప్రిఫిక్స్ లేకుండానే రాయాలి.

జావాలో ఎలిమెంట్‌ను చేర్చి డేటాబేస్‌కు పంపాం. తిరిగి తీసి చూస్తే దాని నేమ్‌స్పేస్ మారిపోయింది. ఏమి జరిగింది?

క్రియేట్‌ఎలిమెంట్ అనే మెథడ్ వాడి ఉంటారు. అది నేమ్‌స్పేస్‌లు పుట్టక ముందు నాటి డామ్ (డాక్యుమెంట్‌ను చెట్టు రూపంలో జ్ఞాపకంలో ఉంచే ఏర్పాటు) పద్ధతి. దానితో తయారైన నోడ్‌కు ఇంటిపేరే ఉండదు. అలాంటి నోడ్‌ను డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఉన్న తల్లి ఎలిమెంట్ కింద పెట్టి పాఠంగా రాయిస్తే, రాసే యంత్రాంగాన్ని బట్టి రెండు రకాల ఫలితాలు వస్తాయి. ఒకటి, ఖాళీ నేమ్‌స్పేస్ ప్రకటన ఆ ఎలిమెంట్ మీద ప్రత్యక్షమవుతుంది. రెండోది, ఏ ప్రకటనా లేకుండా రాయబడి, తిరిగి చదివినప్పుడు తల్లి నేమ్‌స్పేస్‌లో కలిసిపోతుంది. జ్ఞాపకంలో ఉన్న చెట్టు, డేటాబేస్‌లో చేరిన చెట్టు అప్పుడు ఒకటి కావు. ఎప్పుడూ క్రియేట్‌ఎలిమెంట్‌ఎన్‌ఎస్, సెట్‌యాట్రిబ్యూట్‌ఎన్‌ఎస్ అనే మెథడ్‌లనే వాడండి. స్టాక్స్‌తో రాసేవారు ప్రకటనలను తామే రాయాలి; లేదా ఎక్స్‌ఎంఎల్‌అవుట్‌పుట్‌ఫ్యాక్టరీలో ప్రకటనలను సరిచేసే రిపేరింగ్ లక్షణాన్ని ఆన్ చేయాలి, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది.

డేటాబేస్ వైపు ఏమి చూసుకోవాలి?

జావాలో చెప్పిన నేమ్‌స్పేస్‌లు డేటాబేస్‌కు తెలియవు. అక్కడ మళ్లీ చెప్పాలి. జావాను డేటాబేస్‌తో కలిపే జేడీబీసీ 4.0తో వచ్చిన ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌ఎంఎల్ ఆబ్జెక్ట్ డాక్యుమెంట్‌ను మోసుకువెళుతుందే తప్ప మీ ప్రిఫిక్స్ పట్టికను మోసుకువెళ్లదు.

పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌ఎంఎల్ రకం 8.3 వెర్షన్ నుంచి ఉంది. అక్కడి ఎక్స్‌పాత్ ఫంక్షన్‌కు మూడో ఆర్గ్యుమెంట్‌గా ప్రిఫిక్స్, యూఆర్‌ఐ జంటల వరుసను ఇవ్వాలి. 10వ వెర్షన్‌లో వచ్చిన ఎక్స్‌ఎంఎల్‌టేబుల్‌లో ఎక్స్‌ఎంఎల్‌నేమ్‌స్పేసెస్ అనే భాగం ఉంది, కానీ అందులో డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఇచ్చే వీలు లేదు, ప్రిఫిక్స్ తప్పనిసరి. ఎక్స్‌ఎంఎల్ కాలమ్ మీద నేరుగా ఇండెక్స్ వేయలేం. ఎక్స్‌పాత్ ఫలితాన్ని టెక్స్ట్‌గా మార్చి దాని మీద వేస్తాం. అప్పుడు ఇండెక్స్‌లో రాసిన వ్యక్తీకరణ, నేమ్‌స్పేస్ జంటలతో సహా, ప్రశ్నలో కూడా అలాగే ఉండాలి. ప్రశ్నలో "భూ" బదులు "భూమి" అని ప్రిఫిక్స్ పెడితే జవాబు సరిగ్గానే వస్తుంది కానీ ఇండెక్స్ వాడుకలోకి రాదు. పట్టిక పెరిగే కొద్దీ వెతుకులాట నెమ్మదిస్తుంది, కారణం మాత్రం కంటికి కనబడదు.

ఒరాకిల్‌లోని ఎక్స్‌ఎంఎల్‌టేబుల్ డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌ను అంగీకరిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ప్రశ్నకు ముందు విత్ ఎక్స్‌ఎంఎల్‌నేమ్‌స్పేసెస్ అని ప్రకటించాలి. 2005 వెర్షన్ నుంచి ఉన్న అక్కడి ఎక్స్‌ఎంఎల్ రకం ప్రిఫిక్స్‌లను యథాతథంగా నిలబెడతానని హామీ ఇవ్వదు. ఈ మాటను కింది ప్రశ్నలో గుర్తుంచుకోవాలి. ఎగ్జిస్ట్ అనే ఎక్స్‌ఎంఎల్ డేటాబేస్‌లో ఇండెక్స్ వివరాలు రాసే ఫైలులో కూడా ప్రిఫిక్స్ ప్రకటన ఉండాలి. అది మరిచిపోతే ఇండెక్స్ ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ అందులో ఏ ఎలిమెంటూ చేరదు. సరిచేసిన తర్వాత కలెక్షన్‌ను మళ్లీ ఇండెక్స్ చేయించాలి.

పెద్ద డాక్యుమెంట్‌ను ముక్కలు చేసి ఒక్కో పట్టాను ఒక్కో వరుసలో పెట్టవచ్చా?

పెట్టవచ్చు, మేమూ అలాగే చేస్తున్నాం. అయితే నేమ్‌స్పేస్ ప్రకటనలు సాధారణంగా మూల ఎలిమెంట్ మీద ఉంటాయి. పాఠాన్ని అక్షరాలుగా కత్తిరిస్తే ముక్కలో ప్రిఫిక్స్ మిగిలి, ప్రకటన పోతుంది. ఆ ముక్క ఇక తెరుచుకోదు. అందుకే ఎప్పుడూ పార్సర్ ద్వారా విడదీసి, నేమ్‌స్పేస్‌లను గుర్తించే యంత్రాంగంతోనే రాయించాలి. అది ఎలిమెంట్ పేర్లలో, యాట్రిబ్యూట్ పేర్లలో వాడిన ప్రిఫిక్స్‌లకు ప్రకటనలను చేరుస్తుంది.

అంతటితో అయిపోలేదు. కొన్నిసార్లు ప్రిఫిక్స్ పేర్లలో కాక విలువలలో ఉంటుంది. స్కీమా ఇన్‌స్టాన్స్ అనే నేమ్‌స్పేస్‌కు చెందిన టైప్ అనే యాట్రిబ్యూట్ విలువ "భూ:సాగుభూమి" అని ఉండవచ్చు. రాసే యంత్రాంగానికి అది ఒట్టి అక్షరాల వరుస. దాని కోసం ప్రకటనను నిలబెట్టాలని దానికి తెలియదు; డేటాబేస్ ప్రిఫిక్స్‌ను మార్చినా విలువలోని ప్రిఫిక్స్‌ను మార్చదు. ఫలితంగా డాక్యుమెంట్ చక్కగా తెరుచుకుంటుంది, అర్థం మాత్రం చెడుతుంది. ఇలాంటి విలువలు ఉన్న సంచయాలలో ముక్కలు చేసేటప్పుడు పూర్వీకుల ప్రకటనలన్నిటినీ ముక్క మీదికి స్వయంగా కాపీ చేయండి. వీలైతే కొత్త స్కీమాలు (డాక్యుమెంట్ల నిర్మాణ నియమాలు) రాసేటప్పుడు విలువలలో ప్రిఫిక్స్‌లు పెట్టే పద్ధతినే మానుకోండి.

డిజిటల్ సంతకం ఉన్న కాగితాలను మాత్రం ముక్కలు చేయవద్దు. సంతకానికి ముందు జరిగే కానానికలైజేషన్ (డాక్యుమెంట్‌ను ఒకే ప్రామాణిక రూపంలోకి తేవడం) ప్రిఫిక్స్‌లను మార్చదు. అంటే ప్రిఫిక్స్ మారితే సంతకం చెల్లదు. ఆ ఫైలును బైట్లుగా అలాగే దాచి, వెతకడానికి పక్కన ఒక ప్రతి పెట్టుకోవాలి.

స్కీమా మారిన ప్రతిసారీ యూఆర్‌ఐని కూడా మార్చాలా?

అర్థం మారితే మార్చాలి; కొత్త ఐచ్ఛిక ఎలిమెంట్ చేరినంత మాత్రాన మార్చకూడదు. ఈ మాట మా అనుభవంతో చెబుతున్నాం. తొలి రోజుల్లో మేము యూఆర్‌ఐలో సంవత్సరం పెట్టి, మరుసటి సంవత్సరం ఒక చిన్న మార్పుకే దానిని కూడా మార్చాం. ఆనాటి నుంచి పాత దస్తావేజులు ఏ ప్రశ్నకూ దొరకలేదు. లోపం ఏదీ కనిపించలేదు కనుక, గుణుపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన తాతగారి కాగితం ఏదని అడిగే వరకు ఎవరూ గమనించలేదు. కాగితం ఎక్కడికీ పోలేదు. మా ప్రశ్నే దానిని చూడడం మానేసింది. ఆయన మళ్లీ బస్సెక్కి రావలసి వచ్చింది.

యూఆర్‌ఐ చివర వాలుగీత ఉండడం, లేకపోవడం, పెద్ద అక్షరం, చిన్న అక్షరం, హెచ్‌టీటీపీకి బదులు హెచ్‌టీటీపీఎస్ రాయడం, ఇవన్నీ వేర్వేరు నేమ్‌స్పేస్‌లే. భద్రత కోసమని హెచ్‌టీటీపీఎస్‌గా మార్చే ఉత్సాహాన్ని ఇక్కడ చూపకూడదు.

ఎలిమెంట్ పేర్లను తెలుగులోనే పెట్టవచ్చా?

నిస్సందేహంగా పెట్టవచ్చు, తెలుగు అక్షరాలు 1998 నాటి మొదటి ఎక్స్‌ఎంఎల్ నుంచీ పేర్లలో చెల్లుతాయి. ఒక్క జాగ్రత్త అవసరం. "నేమ్‌స్పేస్" వంటి మాటలో పొల్లును నిలబెట్టడానికి మనం వాడే కంటికి కనిపించని అక్షరాన్ని, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను, 2008 నాటి ఐదో ఎడిషన్ పేర్లలో అనుమతించినా, అంతకు ముందరి నియమాలను పాటించే పార్సర్లు తిరస్కరిస్తాయి. అంగీకరించిన చోట కూడా, ఆ అక్షరం ఉన్న పేరు, లేని పేరు రెండు వేర్వేరు పేర్లవుతాయి. కనుక పేర్లకు ఆ అక్షరం అవసరం లేని మాటలనే ఎంచుకోండి. నేమ్‌స్పేస్ యూఆర్‌ఐని మాత్రం మామూలు యూఆర్‌ఐ అక్షరాలతోనే రాయండి.

తెలుగు, ఒడియా, సవర పాఠాలు ఒకే డాక్యుమెంట్‌లో ఉంటే భాషకు ఒక్కో నేమ్‌స్పేస్ పెట్టాలా?

వద్దు. నేమ్‌స్పేస్ పదజాలానిది, భాషది కాదు. భాష కోసం ఎక్స్‌ఎంఎల్ అనే ప్రిఫిక్స్‌తో ఉండే లాంగ్ యాట్రిబ్యూట్ ఉంది. ఆ ప్రిఫిక్స్‌ను ఎక్కడా ప్రకటించనక్కరలేదు, అది ముందే నిర్ణీతమైన నేమ్‌స్పేస్‌కు కట్టుబడి ఉంటుంది. తెలుగుకు, ఒడియాకు రెండక్షరాల సంకేతాలున్నాయి. సవరకు ఐఎస్ఓ 639-3లో మూడక్షరాల సంకేతం ఉంది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర భాష కోసం చేసిన కృషిని తలచుకునే ప్రాంతంలో ఆ పాఠాలకు "ఇతర భాష" అని గుర్తు పెట్టడం తగదు. డామ్‌లో ఈ యాట్రిబ్యూట్‌ను చేర్చేటప్పుడు సెట్‌యాట్రిబ్యూట్‌ఎన్‌ఎస్ వాడి, ఎక్స్‌ఎంఎల్‌కాన్‌స్టెంట్స్ క్లాసులో ఉన్న యూఆర్‌ఐని ఇవ్వండి. వెతకడానికి ఎక్స్‌పాత్‌లోని లాంగ్ ఫంక్షన్ సరిపోతుంది. అది తల్లి ఎలిమెంట్ మీద ఉన్న భాషను కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

జాక్స్‌బీ (జావా ఆబ్జెక్టులను ఎక్స్‌ఎంఎల్‌గా, ఎక్స్‌ఎంఎల్‌ను ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ) వాడుతున్నాం. నేమ్‌స్పేస్‌ను ఎక్కడ చెప్పాలి?

ప్యాకేజీ-ఇన్ఫో ఫైలులో ఎక్స్‌ఎంఎల్‌స్కీమా అనోటేషన్ పెట్టి, యూఆర్‌ఐతో పాటు ఎలిమెంట్‌ఫార్మ్‌డిఫాల్ట్‌ను క్వాలిఫైడ్ అని ఇవ్వాలి. రెండోది మరిచిపోతే మూల ఎలిమెంట్ మాత్రమే నేమ్‌స్పేస్‌లో ఉండి, పిల్లలన్నీ బయట మిగులుతాయి. చదివేటప్పుడు ఆ ఫీల్డులన్నీ నల్‌గా వస్తాయి. జావా 11 నుంచి జాక్స్‌బీ జేడీకేలో లేదు కనుక వేరుగా చేర్చుకోవాలి. జావాఎక్స్ ప్యాకేజీల నుంచి జకార్తా ప్యాకేజీలకు మారినా మీ డాక్యుమెంట్ల నేమ్‌స్పేస్‌లు మారవు.

ఇప్పటికే తప్పు నేమ్‌స్పేస్‌తో వేల దస్తావేజులు చేరిపోయాయి. ఎలా సరిచేయాలి?

ముందుగా ఏమేమి ఉన్నాయో చూడండి. ఎక్స్‌క్వెరీ (ఎక్స్‌ఎంఎల్‌ను ప్రశ్నించే భాష) ఉన్న డేటాబేస్‌లో అన్ని ఎలిమెంట్ల నేమ్‌స్పేస్-యూఆర్‌ఐ విలువలను తీసి, డిస్టింక్ట్-వాల్యూస్‌తో వడకడితే, సంచయంలో ఉన్న యూఆర్‌ఐలన్నీ ఒక చిన్న జాబితాగా వస్తాయి. ఆ జాబితాలో మీరు ఊహించనివి కనీసం ఒకటి రెండు కనిపించే అవకాశం ఉంది. ఒక్కో యూఆర్‌ఐ కింద ఎన్ని ఎలిమెంట్లు ఉన్నాయో లెక్క రాసుకోండి.

తర్వాత ప్రతి డాక్యుమెంట్‌ను ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో (ఎక్స్‌ఎంఎల్ రూపాన్ని మార్చే భాషతో) గానీ, డామ్ మూడో స్థాయిలోని రీనేమ్‌నోడ్ మెథడ్‌తో గానీ కొత్త నేమ్‌స్పేస్‌లోకి మార్చండి. రీనేమ్‌నోడ్ ఆ ఒక్క నోడ్‌నే మారుస్తుంది, పిల్లలను మార్చదు. పాత ప్రకటన కూడా యాట్రిబ్యూట్‌గా అక్కడే మిగిలి ఉంటుంది, దానిని తీసివేయాలి. పాఠం మీద వెతికి మార్చే పద్ధతి, అంటే ఫైలులో యూఆర్‌ఐని మరో యూఆర్‌ఐతో దిద్దడం, త్వరగా అయిపోతుంది కానీ దస్తావేజు పాఠంలోనే ఆ అక్షరాలు ఉంటే వాటిని కూడా మార్చేస్తుంది. మార్పు పూర్తయ్యాక అదే లెక్కను మళ్లీ తీసి, పాత యూఆర్‌ఐ కింద సున్నా, కొత్త దాని కింద మునుపటి మొత్తం వచ్చే వరకు పాత ప్రతులను తొలగించకండి.